కప్పు మీది సన్నికల్లు

మూడేళ్ళ కిందటి వేసవి. తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే దారిలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊరు. కత్తిరి అని పిలిచే నడివేసవి ఎండలు ఇంకా మొదలు కాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పడమటి దిక్కున మబ్బు నల్లగా లేచింది. ఉక్కకు అల్లాడుతున్న జనం వాన వస్తుందని సంతోషపడ్డారు. వాన కంటే ముందు గాలి వచ్చింది. చాలాసేపు లేదని చూసినవాళ్ళు అంటారు. ఆ కాసేపట్లోనే మునిరత్నం అనే రైతు ఇంటి రేకుల కప్పు ఒక మూల నుంచి పైకి లేచింది. రేకులు ఎగిరి పక్క మామిడితోటలో పడ్డాయి. వాటి మీద బరువు కోసం పెట్టిన సన్నికల్లు మాత్రం ఎగరలేదు. అది నేరుగా ఇంట్లోకి దిగి, కింద మంచం మీద నిద్రపోతున్న ఆయన కొడుకు దాము నడుము మీద పడింది.

ఆ ఊరి పేరు రాయడం లేదు. వాళ్ళంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ బతకాల్సినవాళ్ళు.

గాలికి ఇళ్ళు ఎందుకు పడతాయో, పడకుండా ఏం చేయాలో చెప్పడం నా పని. చదివింది సివిల్ ఇంజనీరింగ్. చాలా ఏళ్ళు ఒక దినపత్రికలో ఇళ్ళ నిర్మాణం గురించి రాశాను. ముందు ఏం జరిగిందో అడుగు, ఎందుకు జరిగిందన్నది తర్వాత అన్న పద్ధతి అక్కడే అబ్బింది. ఆ గాలి తర్వాత, కప్పులు పోయిన ఇళ్ళకు సాయం చేస్తున్న ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను పిలిచింది. ఇల్లిల్లూ చూసి, వానాకాలపు తుఫాన్లు వచ్చేలోగా ఏ కప్పుకు ఏం చేయాలో చెప్పమంది.

ఆ పక్క జనానికి గాలి భయం తక్కువ. తుఫాను అంటే సముద్రం ఒడ్డు వాళ్ళ కష్టమని, ఓడరేవున్న కాట్టుపల్లి వైపు వాళ్ళు చూసుకోవాల్సిందని అనుకుంటారు. కానీ వేసవి మబ్బు నుంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడి, నేలను తాకి నాలుగు వైపులా పరుచుకుంటుంది. దీన్ని డౌన్‌బర్స్ట్ అంటారు. దానికి సముద్రంతో పనిలేదు. తుఫానుకు ముందు రోజుల తరబడి హెచ్చరికలు వస్తాయి. దీనికి ఆరేసిన బట్టలు తీసుకునేంత వ్యవధి కూడా ఉండదు.

నేను ఊళ్ళోకి వెళ్ళేసరికి గాలి వచ్చి కొన్ని రోజులైంది. బస్సు దిగి వీధిలో నడుస్తూ అలవాటుకొద్దీ తల పైకెత్తాను. అక్కడే నిలబడిపోయాను. వీధికి రెండువైపులా, మిగిలిన ప్రతి రేకుల కప్పు మీదా రాళ్ళున్నాయి. మామూలు బండరాళ్ళు కావు. మసాలా నూరే సన్నికల్లులు, పిండి రుబ్బే గుండ్లు, తిరగలి రాళ్ళు. ఇన్నేళ్ళలో కప్పుల మీద ఇసుక బస్తాలు చూశాను, పాత టైర్లు చూశాను, విరిగిన సైకిలు కూడా చూశాను. వంటింటి రాళ్ళు వరసగా ఆకాశం కింద కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి. గాలి వచ్చి వెళ్ళి, ఒక మనిషి నడుము విరిచాక కూడా అవి అక్కడే ఉన్నాయి. కొన్ని ఇళ్ళకైతే కొత్తగా ఎక్కించారు.

ఎందుకని అడిగితే మునిరత్నం పక్కింటి కుప్పమ్మ నాకు పాఠం చెప్పింది. ఆమె ఆయనకు వరసకు మరదలు. వయసు మళ్ళినా నోటికి అడ్డు లేదు.

"ఇంట్లోకి మిక్సీ వచ్చినాక దీనికి పనేముండాది? అట్లని యాడ పారేసేది సార్? పెండ్లిలో దీని మింద కాలు పెట్టినాము. కుక్క కాలెత్తే తావులో పెట్టేదానికి మనసొస్తుందా? పైన ఉంటే ఎవురి కాలూ తగలదు. కప్పుకూ బరువు."

తమిళులు అమ్మి అనే ఆ రాయిని పెళ్ళిలో పెళ్ళికూతురి చేత తొక్కిస్తారు. ఈ రాయిలా కదలకుండా నిలబడమని దాని అర్థం. ఈ ఊరివాళ్ళవి విజయనగరం కాలంలో వచ్చి తమిళ నేల మీద స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు. ఇప్పటి పిల్లలకు తెలుగు చదవడం రాకపోయినా పెళ్ళిలో సన్నికల్లు తొక్కడం మానలేదు. అత్త తొక్కిన రాయినే కోడలూ తొక్కుతుంది. అందుకే దాన్ని అమ్మరు, పారేయరు. ఇంట్లో టైల్స్ వేయించుకున్నాక దానికి చోటు దొరకక, గౌరవంగా కప్పు మీదికి పంపారు. ఊరంతా ఒకేసారి అనుకుని చేసిన పని కాదది. ఒకరిని చూసి ఒకరు చేశారు.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. రేకును కింది కమ్మీకో దూలానికో బిగించేది జె-హుక్. ఒక కొన వంకీ తిరిగిన ఇనుప కడ్డీ. అది పట్టాలంటే రేకుకు రంధ్రం చేయాలి. రంధ్రం చేసినచోట వాషర్ సరిగా వేయకపోతే వాన కారుతుంది. కారిన ఇంటివాళ్ళు మరుసటేడు హుక్కు పీకేసి, రంధ్రాన్ని తారుతో మూసి, రాయి పెట్టారు.

"కప్పుకు బొక్క పెడితే కారుతుంది. రాయి కారుతుందా? మీరు చదువుకున్నోళ్ళు, మీరే చెప్పండి," అంది కుప్పమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. కారడం గురించి మాత్రమే అయితే ఆమె మాట నిజం.

ఆ తర్వాత ఆమే నన్ను మునిరత్నం ఇంటికి తీసుకుపోయింది. సగం కప్పు మీద నీలం టార్పాలిన్ కట్టి ఉంది. లోపల మంచం ఎదురు గోడకు జరిపి ఉంది. ఇంతకుముందు మంచం ఉన్నచోటి పక్కనే టైల్ పగిలి, పగుళ్ళు చుట్టూ పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్యలో గోనెసంచి కప్పిన ఏదో ఎత్తు కనిపించింది. సంచి కింద ఏముందో అడగక్కర్లేదు. దాము మీది నుంచి నేల మీదికి దొర్లిన రాయిని పడినచోట నుంచి ఇంకా ఎవరూ తీయలేదు. నేల మీద పడిన సన్నికల్లును ఆ ఇంటి ఆడదే ఎత్తాలన్నది వాళ్ళ ఆచారం. ఆ ఇంటి కోడలు కళ తిరువళ్ళూరు ఆసుపత్రిలో మొగుడి దగ్గర ఉంది.

మునిరత్నం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బక్కపలచటి మనిషి, చెరుకు పండిస్తాడు. భార్య సరోజమ్మ పోయి కొంత కాలమైంది. నన్ను కూర్చోమని కూడా అనలేదు. నేను టేపు తీసి గోడలు కొలుస్తున్నంతసేపూ చూస్తూ ఊరుకుని, చివరికి అడిగాడు.

"గాలా సార్, రాయా?"

అర్థం కానట్టు చూశాను.

"నా బిడ్డ నడుము విరిచింది గాలా, రాయా? మీరు దీనికే వచ్చినారంట గదా. చెప్పండి."

చూడకుండా చెప్పకూడదన్నది నా రెండు వృత్తులూ నేర్పిన సంగతి. ఇంకా కొలవాలి, లెక్క వేయాలి, తర్వాత చెబుతానన్నాను. ఆయన తల ఊపాడు. తర్వాత నేను అడగకుండానే ఆ రాయి ఆ మూలకు ఎలా వచ్చిందో చెప్పాడు. దాము కాట్టుపల్లిలో కాంట్రాక్టు పనిలో వెల్డరు. షిఫ్టులు మారి మారి చేసి, సెలవు దొరికితే ఇంటికి వచ్చి పగలంతా నిద్రపోతాడు. ఆ మూల రేకు చిన్న గాలికే టపటపమని కొట్టుకుంటుంది. పెరట్లో ఉన్న సన్నికల్లును నిచ్చెన వేసుకుని తానే పైకి ఎక్కించి, సరిగ్గా ఆ మూల మీద పెట్టాడు. చప్పుడు ఆగిపోయింది.

"బిడ్డకు నిద్ర పడుతుందని," అన్నాడు.

నేను నిచ్చెన ఎక్కి మిగిలిన కప్పు చూశాను. ఆ మూలన హుక్కులు లేవు. పాత రంధ్రాలకు పూసిన తారు గట్టిపడి ఉంది. గాలి కప్పు మీదుగా పోయేటప్పుడు రేకును కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. మా భాషలో అప్‌లిఫ్ట్. ఆ పీల్చడం కప్పు మధ్యలో తక్కువగా ఉంటుంది, అంచుల్లో ఎక్కువ, మూలల్లో అన్నిటికంటే ఎక్కువ. అంటే హుక్కు లేని మూలే మొదట లేస్తుంది. అది లేవబోతున్నానని ముందే చెబుతుంది కూడా. ఆ చెప్పడమే టపటపమనే చప్పుడు. రాయి పెట్టాక రేకు గట్టిపడలేదు. దాని నోరు మూసుకుపోయింది, అంతే.

ఆ రోజు గాలికి ఆ మూలలోనే, రాయి లేని పక్క రేకు ముందు పోయింది. తర్వాత మూల రేకు బయటి అంచు పైకి లేచింది. లేచిన రేకు ఇంటి లోపలివైపు వాలింది. దాని మీది రాయి జారి, పక్క రేకు పోయిన సందులోంచి కింద పడింది. కొలతలన్నీ ఇదే చెప్పాయి. ఆ మూలను పైకి లాగిన బలం ముందు సన్నికల్లు బరువు ఏ మూలకూ రాదు. అది రేకును ఆపలేదు, ఆపగలిగేది కాదు.

లెక్క పూర్తయ్యాక ఇంకొక లెక్క మిగిలింది. దాన్ని నేను కాగితం మీద వేయలేదు. రాయి లేకపోయి ఉంటే? రేకులు అప్పుడూ మామిడితోటలోనే పడేవి. దాము మంచం మీద లేచి కూర్చుని, వానలో తడిసేవాడు. అంతకంటే ఏమీ జరిగేది కాదు.

ఊళ్ళో మిగతా దెబ్బల గురించి అడిగాను. ఒక ఆడమనిషి చెయ్యి విరిగింది, తిరగలి రాయి పడి. ఒక మేక చచ్చింది, రుబ్బుగుండు కింద. ఎగిరిన రేకు తగిలి గాయపడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. గాలికి దెబ్బ తిన్న ఊళ్ళు నేను చాలా చూశాను. గాలి నుంచి కాపాడుకోవడానికి పెట్టుకున్నవే జనాన్ని కొట్టడం ఈ ఊళ్ళోనే చూశాను. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని చాలా దూరం వరకు చేతిలోని టేపును చుట్టనే లేదు.

మరుసటి రోజు తిరువళ్ళూరు ఆసుపత్రికి వెళ్ళాను. దాము వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కటి ఎముక విరిగింది. నడుస్తాడు గానీ ఎప్పటికో చెప్పలేమన్నారట. మనిషి హుషారైనవాడు. ఫలానా అని చెప్పగానే నవ్వాడు.

"కాట్టుపల్లిలో హెల్మెట్ లేకపోతే గేట్లోనే తిప్పి పంపిస్తారు సార్. ఇంట్లో పడుకునేదానికి ఎవురైనా హెల్మెట్ పెట్టుకుంటారా?"

కళ నవ్వలేదు. ఆయన ముఖం తుడిచి, నన్ను వరండాలోకి రమ్మంది. వాళ్ళ మామ ఆ రోజు నుంచి సరిగా తినడం లేదని, కుప్పమ్మ పోరుపెడితే రెండు ముద్దలు తిని లేస్తున్నాడని చెప్పింది.

"రాయే అని మాకు తెలుసు సార్. మీద పడినోడికి తెలీదా? మామకు మాత్రం గాలి అని చెప్పండి. రాయి అంటే ఆయన ఉండడు."

ఉండడు అన్న మాట ఆమె చాలా మామూలుగా అంది. నేను వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆ ఇంటికి మాత్రమే సంబంధించిన సంగతయితే గాలి అని చెప్పడానికి నాకు ఏమీ అడ్డం లేదు. కానీ ఊళ్ళో ప్రతి కప్పు మీదా రాయి ఉంది. అవి దిగాలంటే, అవి ఎందుకు దిగాలో జనానికి తెలియాలి. అది తెలియడానికి ఆ ఊళ్ళో అందరూ చూసిన ఉదాహరణ ఒక్కటే, మునిరత్నం ఇల్లు. ఆ మాట కళకు చెప్పాను. ఆమె విని, "మీరు పెద్దవాళ్ళు, మీకు తెలీదా," అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత కొన్ని వారాలకు ఊళ్ళో సమావేశం పెట్టారు. బాల్వాడి షెడ్డులో పెడితే అందరికీ చోటు ఉంటుందన్నారు. చిన్నపిల్లలు పగలు ఆడుకుని, పాలు తాగి పడుకునే రేకుల షెడ్డు అది. ఆదివారం కాబట్టి ఖాళీగా ఉంది. జనం బాగానే వచ్చారు. దాము అప్పటికి ఇంటికి వచ్చేశాడు గానీ మంచం దిగలేదు. కళ వచ్చి వాకిలి దగ్గర నిలబడింది. మునిరత్నం వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఇంట్లో కూర్చున్నట్టే.

నేను ముందు లోడ్ పాత్ అంటే ఏమిటో చెప్పాను. గాలి లాగే బలం రేకు నుంచి హుక్కుకు, హుక్కు నుంచి దూలానికి, దూలం నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి పోవాలి. వరసగా నిలబడి చేతులు పట్టుకున్న మనుషుల్లాగా. ఒకరు చెయ్యి వదిలితే వరస తెగుతుంది. రాయి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, ఊరికే పైన కూర్చుని ఉంది. ఇదంతా చెప్పి, కారకుండా హుక్కు వేసే పద్ధతి కూడా చూపించాను. రేకు పల్లంలో కాకుండా మిట్ట మీద రంధ్రం చేయాలి, వాషర్ కింద తారు వాషర్ ఇంకొకటి వేయాలి. జనం శ్రద్ధగా విన్నారు. చివరికి, కప్పుల మీది బరువులు దించేయమన్నాను. మునిరత్నం పేరు ఎత్తలేదు.

ముందు వరసలోంచి ఒకాయన నెమ్మదిగానే అన్నాడు.

"రాళ్ళు యాల దించేది సార్? మునిరత్నం మామ ఇంట్లో చేసింది గాలి గదా. మీరే చెప్పినారంట."

నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. అప్పుడు వాకిలి వైపు చూశాను. కళ తల వంచుకుని ఉంది. నేను చెప్పని మాట ఆమె మామకు నా పేరుతో చెప్పేసింది. అది విని మునిరత్నం తినడం మొదలుపెట్టాడు. ఆ మాట ఇల్లు దాటి, వీధి దాటి, ఊరంతా తిరిగి, ఇప్పుడు నా ముందుకే వచ్చింది. అవును అంటే ఆ రాళ్ళన్నీ కప్పుల మీదే ఉంటాయి. కాదంటే ఆ పిల్ల నలుగురిలో అబద్ధాలకోరు అవుతుంది, వెనక వరసలో ముసలాయన ఏమవుతాడో నాకు తెలియదు. సభల్లో మాట్లాడటం నాకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం చేతిలో జె-హుక్ పట్టుకుని మళ్ళీ వాకిలి వైపే చూశాను.

మునిరత్నం నన్ను చూశాడు. నేను ఎటు చూశానో అటు చూశాడు. కోడలి ముఖం చూశాక ఆయనకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. గోడ పట్టుకుని లేచాడు.

"సారు చెప్పలేదు," అన్నాడు. "నా కోడలు చెప్పింది. నేను నాలుగు మెతుకులు తినాలని చెప్పింది. దాన్ని ఎవురూ ఏమీ అనొద్దండి."

ముందు వరసలవాళ్ళు ఆయన వైపు తిరిగారు.

"గాలి రేకులు తీసుకుని పోయింది. బిడ్డ మింద పడింది రాయి. పెట్టింది నేను. ఆ మూల రేకు రోజూ అరస్తా ఉన్నింది, ఇట్లుండాది నా గతి చూడండని. నేను దాని నోరు మూసినాను. మీ ఇండ్లల్లో బిడ్డలు పడుకునే తావు యాడో, పైన రాయి యాడుందో, పోయి చూసుకోండి."

ఇంతే అన్నాడు. కూర్చోలేదు. జనం మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి పోయాడు. వాకిలి దగ్గర కళ పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆయన ఆగి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, "పద, అన్నం పెట్టు," అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది ఊరట అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఇంజనీరు చెప్పలేకపోయిన నిజాన్ని, ఎవరి నుంచి దాచాలనుకున్నామో ఆ మనిషే పది మందిలో నిలబడి చెప్పాడు.

ముందుగా కదిలింది కుప్పమ్మ. కొంగు దోపుకుంటూ లేచి, తన మనవడి వయసు మగవాళ్ళ వైపు తిరిగింది.

"ఇంకా ఏం చూస్తా ఉండారు? నిచ్చెన తీసుకుని రాండి. నా మొగుడు పైకి పోయి ఎన్నో ఏండ్లయింది, ఆయనకు తోడు నా సన్నికల్లు కూడా పైనే ఉండాల్నా?"

నవ్వినవాళ్ళు ఉన్నారు, కళ్ళు తుడుచుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ మధ్యాహ్నమే, నా దగ్గరున్న హుక్కులు కుప్పమ్మ కప్పుకు బిగించాక, మొదటి రాయి దిగింది. దాన్ని కిందికి అందించింది మగవాళ్ళే, అందుకుని నేల మీద పెట్టింది మాత్రం కుప్పమ్మ. ఒక్కటి మాత్రం నేను గట్టిగా చెప్పాను. హుక్కులు బిగించకుండా ఉత్త రాయి మాత్రం తీయొద్దు. ఏ పట్టూ లేని రేకుకు రాయి కూడా తీసేస్తే మామూలు గాలికే లేస్తుంది. ముందు హుక్కు, తర్వాత రాయి. ఆ వరస తప్పకుండా ఇల్లిల్లూ చేసుకుంటూ పోయారు. సంస్థ సామాను ఇచ్చింది. దాము మంచం మీద పడుకునే, దూలాలకు గోడలకు మధ్య వేసే ఇనుప పట్టీలకు ఎక్కడ వెల్డింగ్ పెట్టాలో చెబుతూ పని చేయించాడు. దించిన రాళ్ళను పెరటి వాకిళ్ళ పక్కన, ఇటుకలతో చిన్న అరుగు కట్టి పెట్టుకున్నారు. మునిరత్నం ఇంట్లో పగిలిన టైల్ మధ్య నుంచి ఆ రాయిని కళే ఎత్తింది. మామ దాన్ని నీళ్ళు పోసి కడిగాడు.

ఆ ఊరి తర్వాత నా పని పద్ధతి మారింది. కప్పు మీద ఏదైనా అనవసరమైనది కనిపిస్తే ఇది తప్పు అని ముందుగా అనను. దీన్ని ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అని అడుగుతాను. పెట్టిన చెయ్యి ఏ ప్రేమతో పెట్టిందో తెలియకుండా ఆ చేత్తోనే దించమనడం కుదరదు. ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. జనం భయపడవలసినంతగా భయపడేది తెలిసినవాడు చెప్పినప్పుడు కాదు, దెబ్బ తిన్నవాడు చెప్పినప్పుడు. దాన్ని మేము వాడుకోవచ్చా, ఒక ఇంటి దుఃఖాన్ని ఊరి పాఠం చేయవచ్చా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు మునిరత్నం లేచి ఉండకపోతే నేను ఏం చెప్పేవాణ్ణో కూడా తెలియదు.

దాము ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు. కాట్టుపల్లిలో ఆయన చోటులోకి వేరే మనిషి వచ్చాడు. ఊళ్ళోనే గేట్లు, కిటికీ చట్రాలు వెల్డింగ్ చేస్తున్నాడు. తర్వాత రెండు వేసవులు గట్టి గాలులు వచ్చాయి, ఆ వీధిలో రేకులు లేవలేదు.

సమావేశం రోజు చివరగా జరిగింది ఇంకా చెప్పలేదు. మొదటి రాయి దిగాక బాల్వాడికి తిరిగి వెళ్ళి, నా సంచి సర్దుకుని బయటికి వచ్చి, అలవాటుకొద్దీ తల పైకెత్తాను. మేము కింద కూర్చుని మాట్లాడుకున్న ఆ కప్పు మూల మీద ఒక సన్నికల్లు ఉంది. నేను ఇళ్ళు చూడటానికి వచ్చినవాణ్ణి. ఆ షెడ్డు నా పనిలో లేదు, అందుకే అటు చూడలేదు. లోపలికి వెళ్ళి చూస్తే, ఆ మూల కిందే పిల్లల చాపలు చుట్టి ఉన్నాయి.

ఆ రాయి ఎవరిదని అడిగితే కుప్పమ్మ చెప్పింది. ఇల్లు అమ్ముకుని తిరునిన్రవూరు వెళ్ళిపోయిన ఒక కుటుంబానిదట. అక్కడి చిన్న ఇంట్లో చోటు లేక, రేకు కొట్టుకుంటున్న బాల్వాడికి ఇచ్చి పోయారు. మంచి మనసుతోనే. కుప్పమ్మ వాళ్ళకు ఫోన్ చేసింది. మీ ఇష్టం, దించుకోండి అన్నారు. ఆ అడ్డంకి తొలగింది. కానీ ఆ మూలకు హుక్కులు లేవు. హుక్కులు వేయకుండా రాయి తీయకూడదని నేనే చెప్పాను. హుక్కులు వేయాలంటే రేకుకు రంధ్రాలు చేయాలి. ప్రభుత్వ కట్టడం కప్పుకు రంధ్రాలు చేయాలంటే అనుమతి కావాలి. ఆ షెడ్డు కట్టిన శాఖ ఒకటి, నడిపే శాఖ ఇంకొకటి. నేను రెండు చోట్లా వెళ్ళి మాట్లాడాను. ఒక చోట కప్పు తమది కాదన్నారు. ఇంకో చోట, కప్పు తమదే గానీ రాయి తాము పెట్టింది కాదు కాబట్టి దాన్ని దించే పని తమ కిందికి రాదన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. కొత్త షెడ్డు వస్తుందన్నారు.

పోయిన నెల అటువైపు వెళ్ళినప్పుడు ఆగి చూశాను. ఆ మూల కింద నేల మీద బాల్వాడిలో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ సుద్దముక్కతో అర్ధచంద్రంలా ఒక గీత గీసింది. పిల్లలు ఆ గీత దాటకూడదు. రోజూ నేల తుడిచినప్పుడు అది చెరిగిపోతుంది. రోజూ మళ్ళీ గీస్తుంది. పిల్లలు గీతకు ఇవతల చాపలు పరుచుకుని పడుకుని ఉన్నారు. రాయి పైనే ఉంది.